ఫోజు పెట్టని ఫోటో: ఏ లెన్స్, ఎంత దూరం, ఏ చోటు?

క్యాండిడ్ పోర్ట్రెయిట్లు (ఫోజు పెట్టించకుండా తీసే మనుషుల ఫోటోలు) తీద్దామని మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "అన్నా, ఏ లెన్స్ కొనాలె?" దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. మీరు మనిషికి ఎంత దగ్గర నిలబడగలరు? ఆరేడు అడుగుల దూరంలో ఉండి, అవతలి మనిషి మీ వంక చూస్తే నవ్వి మాట కలపగలరా? లేక ముప్పై అడుగుల అవతల ఏ స్తంభం చాటునో ఉంటే తప్ప బటన్ మీద వేలు పడదా? లెన్స్, కెమెరా, చోటు, వేళ అన్నీ ఈ జవాబును బట్టే మారతాయి. అందుకే పోలికను దూరంతో మొదలుపెడుతున్నా. డబ్బు లెక్క తర్వాత.

చిన్న లెక్క ఒకటి మాత్రం ఇక్కడే చెప్పాలి. కొత్తవాళ్ల చేతిలో ఉండేది ఎక్కువగా ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరా, అంటే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము రీలు గడి అంత సెన్సర్) కంటే చిన్న సెన్సర్‌ది. దాని మీద ఏ లెన్స్ పెట్టినా చూపు ఇరుకవుతుంది. నికాన్, సోనీ, ఫ్యూజీల్లో 1.5 రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు. లెన్స్ మీది ఎం.ఎం. అంకె పెరిగేకొద్దీ కూడా చూపు ఇరుకై, దూరపువి దగ్గరగా కనబడతాయి. అంటే 50 ఎం.ఎం. లెన్స్ పెడితే ఫుల్‌ఫ్రేమ్‌లో 75–80 పెట్టినట్టు ఉంటుంది. 35 పెడితే 50 దరిదాపుల్లో ఉంటుంది. "పోర్ట్రెయిట్ అంటే 85" అని వీడియోల్లో చెప్పేవాళ్లు చాలావరకు ఫుల్‌ఫ్రేమ్ గురించి చెబుతుంటారు. అది విని 85 కొని ఏపీఎస్-సీ మీద బిగించి, హన్మకొండ చౌరస్తా దగ్గర ఏ చాయ్ హోటల్లోనో కూర్చున్నారనుకోండి. ఎదురు బెంచీ మీది పెద్దాయన ముఖం తప్ప ఇంకేమీ ఫ్రేములో పట్టదు. చేతిలో చాయ్ గ్లాసు కూడా రాదు.

దూరం నుంచా, దగ్గర నుంచా?

పెద్ద జూమ్‌తో (55-200, 55-250, 70-300 లాంటివి) దూరం నుంచి తీస్తే లాభం తెలిసిందే. మనిషికి తెలియదు కాబట్టి ముఖం బిగుసుకోదు, వెనకాల ఉన్నదంతా మెత్తగా కరిగిపోతుంది. నష్టాలు ఎవరూ చెప్పరు. మీకూ ఆ మనిషికీ మధ్య ముప్పై అడుగులుంటే ఆ ముప్పై అడుగుల్లోంచి ఊరంతా నడుస్తుంది. చవక జూములన్నీ చివరికి లాగేసరికి ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతాయి (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది). సాయంత్రం ఐదున్నర దాటితే వాటితో కష్టం. 200 ఎం.ఎం. దగ్గర చెయ్యి వణుకు తెలియకుండా ఉండాలంటే షట్టర్ వేగం 1/300కి (సెకనులో మూడొందలో వంతు) తగ్గకూడదు, దాంతో ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును పెంచి చూపే అంకె, పెరిగితే ఫోటో గింజలు గింజలుగా వస్తుంది) ఎక్కడికో పోతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, వాళ్ల మాటలు మీకు వినబడవు. ఎప్పుడు నవ్వుతారో, ఎప్పుడు నిట్టూరుస్తారో మాట వింటుంటేనే ముందుగా అందుతుంది. దూరం నుంచి తీసేవాడు నవ్వు మొదలయ్యాక బటన్ నొక్కుతాడు, అప్పటికి సగం అయిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. కనబడకుండా తీద్దామని కొనే 70-200 ఎఫ్/2.8 లాంటి లెన్సులు కిలోన్నర దాకా బరువుంటాయి, బజారు ఆ చివర నుంచి కూడా కనబడతాయి. "పేపరోళ్లు వచ్చిన్రు" అని క్షణంలో అందరూ సర్దుకుంటారు. దాక్కోవడానికి కొన్న వస్తువే పట్టిస్తుంది.

35 ఎం.ఎం.తో దగ్గర నుంచి తీస్తే ముఖంతో పాటు ఆ మనిషి పనీ వస్తుంది. కాంటా, బీడీల చాట, కుట్టు మిషన్, పెరట్లో మేక, ఏదైనా. పేరున్న ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆంరీ కార్తియే-బ్రెసాఁ (1908–2004) తన ఫోటోల్లో చాలావాటిని లైకా కెమెరా మీద 50 ఎం.ఎం. లెన్స్‌తోనే తీశారు. మన ఏపీఎస్-సీ మీద 35 చూపు ఇంచుమించు అదే. ఆయన పేరు చెప్పడం 35 కొంటే ఆయనలా తీస్తామని కాదు. జనం మధ్య తిరిగే మనిషికి ఆ చూపు చాలిందనడానికి.

"35తో తీస్తే ముక్కు పెద్దగా వస్తది" అనే మాట తరచూ వింటాం. అది లెన్స్ చేసే పని కాదు, దూరం చేసే పని. ముక్కు కొనకూ చెవికీ మధ్య ఉన్న జానెడు లోపు తేడా రెండడుగుల దగ్గర పెద్ద భాగం. అందుకే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. అదే తేడా ఆరడుగుల దూరంలో లెక్కలోకి రాదు. కాబట్టి 35 పెట్టుకుని మనిషి ముఖంలోకి దూరకండి. నాలుగైదడుగులు వదిలి, నడుము దాకా తీయండి.

ఇక 50. ఏపీఎస్-సీ మీద ఇది మధ్యేమార్గం. చవక, తేలిక. కెనాన్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఎస్‌టీఎం బరువు 160 గ్రాములే. ఇంటి వాకిట్లో, పెళ్లి పందిట్లో ముఖాలకు బాగుంటుంది. దీనితో వచ్చే జబ్బు ఎఫ్/1.8 వ్యామోహం, వెనకాలంతా మసక చేసేయాలన్న మోజు. ఐదడుగుల దూరంలో ఎఫ్/1.8 పెడితే స్పష్టంగా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లే. మనిషి కొంచెం పక్కకు తిరిగిందంటే ఒక కన్ను పదును, ఇంకో కన్ను మసక. ఫోజు పెట్టినవాళ్లయితే కదలకుండా ఉంటారు. మనం తీసేది కదిలేవాళ్లను. ఎఫ్/2.8, వీలైతే ఎఫ్/4 దగ్గర ఉండండి. ముఖం మీద అనుమానం లేకుండా దిగుతుంది.

నన్నడిగితే ఒక్కటే కొనేవాళ్లు 35 కొనాలి. జూమ్‌కి కూడా దాని చోటు ఉంది. శివసత్తులకు పూనకం వచ్చినప్పుడు, ఒగ్గు కథ చెప్పేవాళ్లు పాటలో మునిగినప్పుడు, గుడి ముందు మొక్కు తీర్చుకుంటున్నప్పుడు దగ్గరికి వెళ్లడమే తప్పు. అక్కడ దూరం మర్యాద. మిగతాచోట్ల దూరం ఎక్కువగా మన బిడియానికి పెట్టుకున్న పేరు.

కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ మీద జూమ్ రింగ్‌ని 35 దగ్గర టేపు వేసి కొన్ని రోజులు తిరగండి. తర్వాత 50 దగ్గర వేసి తిరగండి. ఏ టేపు మిమ్మల్ని ఎక్కువ విసిగించిందో ఆ లెన్స్ మీది కాదు.

ఫోనా, కెమెరానా?

ఇంట్లో వాళ్లను, దోస్తులను తీయడానికైతే ఫోన్ చాలు, కెమెరా కొనకండి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంటుంది కాబట్టి మీరు ఎత్తినా ఎవరూ పట్టించుకోరు. ఆ సౌకర్యం ఏ కెమెరాకూ లేదు.

అయితే రెండు అలవాట్లు మార్చుకోవాలి. ఫోన్‌లో మామూలుగా తెరుచుకునే కెమెరా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24–26 ఎం.ఎం. ఉంటుంది. ముఖం పెద్దగా రావాలని దగ్గరికి పోతే పైన చెప్పిన ముక్కు గొడవ మొదలవుతుంది. 2x నొక్కి ఒక అడుగు వెనక్కి వేయండి. రెండోది, పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. అది సాఫ్ట్‌వేర్‌తో అంచులు కత్తిరించి వెనకాల మసక చేస్తుంది. జడలో మల్లెలు, రేగిన వెంట్రుకలు, గునుగు పూల కొసలు సగం తెగిపోతాయి. పైగా కొన్ని ఫోన్లలో బటన్ నొక్కాక ఒక క్షణం ఆలోచిస్తుంది. క్యాండిడ్‌కి ఆ క్షణమే ప్రాణం.

చీకటి పడితే మాత్రం ఫోన్ వెనకబడుతుంది. అది అనేక ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి కదలని గోడ బ్రహ్మాండంగా వస్తుంది, చప్పట్లు కొట్టే చేతులు దెయ్యాల్లా వస్తాయి. బతుకమ్మ ఆట, బారాత్, రాత్రి జాతర తీయాలనుకునేవాళ్లకే కెమెరా ఖర్చుకు అర్థం ఉంది.

అడగాలా, వద్దా?

దీని మీద ఫోటోగ్రాఫర్లలో రెండు వర్గాలున్నాయి. అడిగితే క్యాండిడ్ పోతుందని ఒకరు, అడగకుండా తీయడం దొంగతనమని ఇంకొకరు. మన ఊళ్లలో ఈ రెండిటికీ మధ్య మంచి దారి ఉంది: అడిగి, ఆగడం.

"అవ్వా, ఓ ఫోటో తీసుకుంటనే" అన్నారనుకోండి. ముందు కొంగు సర్దుకుంటుంది, నిటారుగా నిలబడుతుంది, నవ్వు మాయమవుతుంది. పాతకాలం మనుషులకు ఫోటో అంటే అదే, స్టూడియోలో దిగినట్టు నిలబడి దిగడం. ఆ ఫోటో తీయండి. వద్దనకండి, "మామూలుగా ఉండు" అని చెప్పకండి. ఆ మాట విన్నాక మామూలుగా ఉండటం ఎవరి తరమూ కాదు. తీసి చూపించండి. "నేనేనా గిట్లున్న?" అని నవ్వుతుంది చూశారా, అక్కడ మొదలవుతుంది అసలు పని. కెమెరా దించి పక్కన కూర్చోండి. వానల గురించో, మనవడి గురించో నాలుగు మాటలయ్యాక ఆమె మళ్లీ చిక్కుడుకాయలు తుంచడంలో పడిపోతుంది. మీరు అక్కడున్నారని తెలుసు, అయినా పట్టించుకోదు. దూరం నుంచి జూమ్‌తో దొరికే ముఖంలో కెమెరా ఉందన్న ఎరుక ఉండదు. దీంట్లో ఎరుక ఉండి కూడా బెదురు ఉండదు. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది.

ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: "ఎందుకు బిడ్డా, పించనుకా?" పల్లెల్లో కెమెరా పట్టుకుని వచ్చేది ఎక్కువగా ఏదో సర్వే వాళ్లో, పార్టీ వాళ్లో, పేపర్ వాళ్లో. మీరు మౌనంగా ఉంటే ఆ ఆశతోనే ఫోటో దిగుతారు. "లేదవ్వా, నాకోసమే" అని తేల్చి చెప్పండి. అప్పుడు వద్దంటే వద్దే.

జాతర, మార్కెట్, బస్టాండ్ లాంటి గుంపుల్లో ముందుగా అడగడం కుదరదు. అక్కడ తీసి, కళ్లు కలిశాక తల ఊపి, దగ్గరికి వెళ్లి చూపించడం పద్ధతి. తీసేయమంటే వాళ్ల ముందే డిలీట్ చేయాలి, వాదించకూడదు. చిన్నపిల్లలను తీయాలంటే పిల్లాణ్ని కాదు, తల్లినో తండ్రినో అడగాలి. మేడారంలో జంపన్నవాగు స్నానాల దగ్గర మాత్రం అడగడం, అడగకపోవడం అన్న చర్చే లేదు. ఆడవాళ్లు తడిబట్టలతో ఉన్నప్పుడు కెమెరా సంచిలో ఉండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మన వరంగల్ వైపు చాలామంది హన్మకొండ వేయిస్తంభాల గుడికి పోతారు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి, రాతి మండపంలోకి పక్కల నుంచి వచ్చే వెలుతురు ముఖాల మీద చాలా మెత్తగా పడుతుంది. ఒప్పుకుంటా. కానీ అక్కడికి వచ్చేవాళ్లంతా ఫోటో దిగడానికే వస్తారు. ఎటు తిప్పినా ఫోజులే. దానికంటే ఖిలా వరంగల్ మేలు. కోట లోపల ఊరే ఉంది. కీర్తి తోరణాలు చూడటానికి వచ్చినవాళ్లను వదిలేసి, పొద్దున్నే ఇళ్ల మధ్య సందుల్లోకి వెళ్లండి. వాకిలి ఊడ్చేవాళ్లు, బర్రెలను తోలుకుపోయేవాళ్లు, అరుగు మీద పేపర్ చదివేవాళ్లు కనబడతారు. కట్టడాల దగ్గర పురావస్తు శాఖ అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. మన పనికి అది ఎలాగూ అక్కర్లేదు.

పని చేసే మనుషులు కావాలంటే వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కి సాటి లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి దిగే రోజుల్లో యార్డంతా ఎర్రగా ఉంటుంది. రైతులు, హమాలీలు, అడ్తిదారులు, కాంటా దగ్గర రాసుకునేవాళ్లు, ఎవరి తొందర వాళ్లది. ఐదు నిమిషాలకే మిమ్మల్ని మర్చిపోతారు. కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఘాటుకు కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, మూతికి రుమాలు కట్టుకోండి. యార్డులో లెన్స్ మార్చకండి, మిర్చి దుమ్ము సెన్సర్ మీదికి పోతుంది. ఎర్ర రాశి పక్కన కూర్చున్న మనిషి ముఖం మీదికి ఆ ఎరుపు ఎగబాకుతుంది. వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో పెడితే ఫోటో ఫోటోకి రంగు మారుతుంది కాబట్టి ఒకదాని దగ్గర ఖాయం చేసి, మిగతాది ఇంటికొచ్చాక సరిచేసుకోండి. గుండ్రంగా టమాటలా ఉండే చపాట మిర్చి రాశి దొరికితే వదలకండి. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. బస్తా మోసేవాళ్ల దారికి అడ్డం రావద్దు. ఇంకో మాట, ధర పడిపోయిన రోజున రైతు ముఖం చాలా "బలంగా" కనబడుతుంది. ఆ బలం మీ ఫోటోకి, బాధ ఆయనకు. ఆ రోజు ముందు మాట్లాడండి, ఆయన సరే అంటేనే కెమెరా ఎత్తండి.

జాతరల్లో మేడారం అందరినీ లాగుతుంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ, నాలుగు రోజులు, లెక్కలేనంత జనం, దుమ్ము. కొత్తవాళ్లకు అక్కడ కాలు నిలవదు, కెమెరా ఇంకేం నిలుస్తుంది. సంక్రాంతికి మొదలయ్యే ఐనవోలు మల్లన్న జాతర నయం. వరంగల్‌కి దగ్గర, ఏటా వస్తుంది, రంగు ముగ్గులతో పట్నాలు వేసేవాళ్లు, బోనాలు ఎత్తుకున్నవాళ్లు, ఒగ్గు పూజారులు అందరూ ఒక్కచోటే. అక్కడ రెండు మూడేళ్లు చెయ్యి తిరిగాక మేడారం పోతే ఏం తీయాలో తెలుస్తుంది.

బతుకమ్మ విషయంలో నాది కొంచెం వేరు అభిప్రాయం. తొమ్మిది రోజుల్లో ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడికి, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి కెమెరాలన్నీ పోతాయి. ఆట బాగుంటుంది, పోర్ట్రెయిట్ దొరకదు. చీకటి, జనం, ముఖాలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. పోర్ట్రెయిట్ కావాలంటే ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉండండి. తాంబాళం చుట్టూ కూర్చుని తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చేటప్పుడు అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరి ముఖాలూ పూల మీదికి వంగి ఉంటాయి. దర్వాజాలోంచి పక్క వెలుతురు పడుతుంది. గునుగు కొసలకు రంగు అద్దుతూ చేతులన్నీ రంగవుతాయి. మీవాళ్ల ఇల్లే కాబట్టి ఎవరూ బెదరరు. వరంగల్ నుంచి వచ్చి బతుకమ్మనూ తెలంగాణ పల్లె బతుకునూ ఏళ్ల తరబడి ఫోటోల్లో పట్టిన భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. ఆయన తీసిన పల్లె దర్వాజాల ఫోటోలు వెతికి చూడండి. గడప దగ్గరి వెలుతురు గురించి నేను ఇక్కడ రాయగలిగినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇంకొన్ని, గబగబా

ఫ్లాష్ వద్దు. ఒక్కసారి మెరిస్తే ఆ గదిలో ఇక క్యాండిడ్ లేదు.

ఎండాకాలం పది నుంచి నాలుగు దాకా బయట తిరగకండి, కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. తప్పదంటే వేప చెట్టు నీడ, రేకుల పందిరి, ఇంటి గడప. మనవైపు మగవాళ్లను తీసేటప్పుడు చిక్కు ఎక్స్‌పోజర్‌తోనే (ఎంత వెలుతురు పట్టాలన్న లెక్క): తెల్ల రుమాలు, తెల్ల ధోతి, మధ్యలో ఎండకు నల్లబడ్డ ముఖం. కెమెరా తెలుపును చూసి భయపడి ముఖాన్ని చీకట్లో పడేస్తుంది. వెలుతురు కొలత (మీటరింగ్) ముఖం మీద పెట్టండి. నీడలో అయితే తెలుపు కూడా నిలుస్తుంది, ఎండలో ఏదో ఒకటే దక్కుతుంది.

షట్టర్‌ని ఆటో ఐఎస్ఓతో 1/250కి తగ్గకుండా కట్టేయండి. చప్పట్లకు, డప్పుకు 1/500. గింజలు గింజలుగా వచ్చిన ఫోటోని క్షమించవచ్చు, ఊగిన ఫోటోని క్షమించలేం.

సైలెంట్ షట్టర్ (చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్) ఇంట్లో, గుడిలో పగటిపూట వరం. రాత్రి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీల కింద పెడితే ఫోటోకి అడ్డంగా చారలొస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, ఎలక్ట్రానిక్ షట్టర్ ఫ్రేమును పై నుంచి కిందికి మెల్లగా చదువుతూ ఆ మిణుకులన్నీ పట్టేస్తుంది. అక్కడ మెకానికల్ షట్టర్ పెట్టి, యాంటీ ఫ్లికర్ (ఆ మిణుకును తప్పించే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసుకోండి. మనిషి కూర్చుని ఉంటే 1/100 చాలు.

బర్స్ట్ (బటన్ నొక్కి పట్టి వరుసగా తీయడం) కంటే ఒక్కొక్కటే తీయడం మేలని నా లెక్క. బర్స్ట్ చప్పుడు మిషన్ కుట్టినట్టు ఉంటుంది, మనిషి తల తిప్పి చూస్తుంది. పిల్లలు పరుగెత్తేటప్పుడు మాత్రం పెట్టుకోండి.

రంగా, నలుపు తెలుపా అంటే, మిర్చి, పసుపు, తంగేడు ఉన్నచోట నలుపు తెలుపు చేయడం ఆ చోటుకి అన్యాయం. ట్యూబ్‌లైటు కింద ఒక ముఖం పచ్చగా, ఒకటి గులాబీగా వచ్చినప్పుడు మాత్రం నలుపు తెలుపు కాపాడుతుంది.

తీసిన ఫోటో ఇవ్వడంలోనూ ఎంపిక ఉంది. కుర్రవాళ్లకు వాట్సాప్ చాలు. మామూలుగా పంపితే నలిగి చిన్నదైపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. పెద్దవాళ్లకు ప్రింటే ఇవ్వాలి, వాళ్ల కొడుకు ఫోన్‌కి పంపిన ఫోటో వాళ్లదాకా రాదు. ప్రింటు వేయించేటప్పుడు మీకు నచ్చిన క్యాండిడ్ ఒకటి, అవ్వ నిటారుగా నిలబడి దిగిన మొదటి ఫోటో ఒకటి, రెండూ వేయించండి. గోడకు ఎక్కేది ఎక్కువగా ఆ రెండోదే.